పసరు వాంతులు, పొట్టలో మంట: పాంటోప్రజోల్ ఒక్కటే ఎందుకు సరిపోవడం లేదు?

ప్రశ్న: నా వయసు 47. రెండేళ్ల కిందట రాళ్లున్నాయని గాల్‌బ్లాడర్ తీసేశారు. ఏడాదిగా పొట్ట పైభాగంలో ఒకటే మంట. పొద్దున లేవగానే వికారం, వారంలో రెండు మూడుసార్లు పచ్చగా, చేదుగా పసరు వాంతి. ఎండోస్కోపీ చేసి ‘బైల్ రిఫ్లక్స్ గ్యాస్ట్రైటిస్’ (పసరు వెనక్కొచ్చి పొట్ట లోపలి పొర దెబ్బతినడం) అని రాశారు. పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. లేవగానే థైరాయిడ్ మాత్ర, దాంతోపాటే ఈ క్యాప్సూలు, మంటగా ఉంటే సుక్రాల్‌ఫేట్ సిరప్ కూడా తీసుకుంటాను. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు ఎసిక్లోఫెనాక్ వేసుకుంటాను. ఏం తింటే ఏమవుతుందోనని గంజి, ఇడ్లీ, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నాను. 6 కిలోలు తగ్గాను. ఇది జీవితాంతం ఉంటుందా? క్యాన్సర్‌గా మారుతుందా? మళ్లీ ఆపరేషన్ తప్పదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీరు చివర్లో మాటవరసకు చెప్పినట్టు రాసిన మోకాళ్ల మాత్ర దగ్గరే మొదలుపెడదాం. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు పొట్ట లోపలి పొరను కాపాడే జిగురును పలచన చేస్తాయి. పసరు కూడా దెబ్బకొట్టేది ఆ పొరనే. బయాప్సీ ముక్కను, అంటే ఎండోస్కోపీలో పొర నుంచి గిల్లి తీసిన చిన్న ముక్కను, మైక్రోస్కోపు కింద చూస్తే పసరు చేసిన గాయం, నొప్పి మాత్ర చేసిన గాయం దాదాపు ఒకేలా ఉంటాయి. పొరలోని గుంటలు సాగి మెలికలు తిరుగుతాయి, పొర ఉబ్బుతుంది, ఇన్‌ఫెక్షన్‌లో కనిపించేంతగా వాపు కణాలు మాత్రం ఉండవు. పాథాలజిస్టు దీన్నే ‘రియాక్టివ్ గ్యాస్ట్రోపతి’ అనో ‘కెమికల్ గ్యాస్ట్రోపతి’ అనో రాస్తారు. మీ విషయంలో ఇందులో పసరు వాటా ఎంత, మాత్ర వాటా ఎంత అన్నది ఆ మాత్ర మానితే తప్ప తేలదు. అందుకే ముందు దాన్ని ఆపండి. మోకాళ్లకు పారాసిటమాల్ 650, రోజుకు మూడుసార్లు మించకుండా వాడుకోవచ్చు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్నడిగే వాడాలి. పైపూతగా డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఇంట్లో ఎవరికైనా గుండె కోసం ఆస్పిరిన్ 75 రాసి ఉంటే మాత్రం ఇది చదివి దాన్ని ఆపకూడదు, గుండె డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా.

రెండో సంగతి, ఎండోస్కోపీలో పొట్టలో పసరు కనిపించినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు. గొట్టం గొంతులో దిగేటప్పుడు ఓకరింతలు వస్తే ఆరోగ్యవంతుల పొట్టలోకి కూడా కాస్త పసరు ఎగదన్నుతుంది. పరగడుపున నాలుగుసార్లు వాంతయితే ఎవరికైనా చివరికి పచ్చనీళ్లే వస్తాయి. పసరు కనిపించడంతోపాటు పొర ఎర్రబడి ఉండడం, బయాప్సీలో పైన చెప్పిన మార్పులు, మీరు చెబుతున్న బాధ, ఈ మూడూ కలిస్తేనే రోగ నిర్ధారణ గట్టిగా నిలబడుతుంది. మీకు బయాప్సీ తీశారో లేదో ఉత్తరంలో లేదు. తీసి ఉంటే ఆ కాగితం వెతికి పెట్టుకోండి. హెచ్. పైలోరీ పరీక్ష చేశారా అన్నది అందులోనే చూడండి. మన దగ్గర ఈ బ్యాక్టీరియా చాలామంది పొట్టలో ఉంటుంది, దానికీ ఇలాగే మంట, వికారం ఉండొచ్చు. ఒక చిక్కుంది: పాంటోప్రజోల్ వాడుతూ పరీక్ష చేయిస్తే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. శ్వాస పరీక్ష గానీ, మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించే ముందు 2 వారాలు పాంటోప్రజోల్, 4 వారాలు యాంటీబయాటిక్స్ ఆపి ఉండాలి.

పసరు అసలు వెనక్కి ఎందుకొస్తుంది? కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పసరు తయారుచేస్తుంది. గాల్‌బ్లాడర్ ఉన్నప్పుడు భోజనాల మధ్య అది అక్కడ నిలవుండి, చిక్కబడి, మనం నూనె, నెయ్యి తిన్నప్పుడు ఒక్కసారిగా చిన్నపేగు మొదట్లోకి దిగుతుంది. తిత్తి తీసేశాక నిలవుండే చోటు లేదు, రాత్రీ పగలూ కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. పేగుకూ పొట్టకూ మధ్య పైలోరస్ అనే కండరపు కవాటం ఉంటుంది. అది సరిగా మూసుకోకపోయినా, పేగు కదలికలు వెనక్కి తన్నినా, కారుతున్న పసరు పొట్టలో చేరుతుంది. రాత్రంతా తిండి లేని పొట్టలో అది అలాగే ఉండిపోతుంది కాబట్టే మీకు పొద్దున్నే ఎక్కువ. గాల్‌బ్లాడర్ తీయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు, కాబట్టి ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశామని అనుకోకండి. కొందరికి పసరు పైకి రాకుండా కిందికెళ్లి, తిన్న వెంటనే నీళ్ల విరేచనాలవుతాయి.

ఇప్పుడు మీ క్యాప్సూల్ సంగతి. పాంటోప్రజోల్ ఆపేది యాసిడ్‌ను. పసరు పొట్టలో ఊరే ఆ యాసిడ్ కాదు. పసరులోని లవణాలకు కొవ్వును కరిగించే గుణం ఉంది, ఆ గుణంతోనే అవి పొట్ట పొరలోని కణాల కొవ్వు పూతను చీలుస్తాయి. అలాగని ఈ మందు దండగ కాదు. చీలిన పొరలోకి యాసిడ్ కూడా దిగితే గాయం రెట్టింపవుతుంది, ఆ యాసిడ్‌ను తగ్గించడం వరకు దీని పని. పసరుకు వేరే ఏర్పాటు చేయకుండా దీని మోతాదే 40 నుంచి 80 మి.గ్రా.కు పెంచుకుంటూ పోతే లాభం ఉండదు.

పసరు మీద పనిచేసే మందు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. ఇదీ పసరులో ఉండే పిత్త ఆమ్లాల్లో ఒకటే, కాకపోతే పొరను చీల్చే గుణం తక్కువ. వాడుతుంటే పసరులో ఘాటైన రకాల వంతు తగ్గి దీని వంతు పెరుగుతుంది. 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు తిన్న తర్వాత రాయడం మామూలు. దీనిమీద జరిగిన చిన్న పరిశోధనల్లో నొప్పి, వికారం బాగా తగ్గాయి. పొట్ట పొరలో మార్పు అంతగా కనిపించలేదు. అంటే బాధ తగ్గించడానికి మంచి సాయమే గానీ పూర్తి మందని చెప్పలేం. దీన్ని మీరే కొనుక్కుని మొదలుపెట్టకండి, మీ గ్యాస్ట్రో డాక్టర్నే అడగండి.

సుక్రాల్‌ఫేట్ మీ దగ్గర ఉంది గానీ వాడే తీరు వల్ల అది పనికి రాకుండా పోతోంది, పైగా థైరాయిడ్ మందును చెడగొడుతోంది. ఈ సిరప్ దెబ్బతిన్న పొర మీద పూతలా అతుక్కుంటుంది, పసరు లవణాలను కొంతవరకు పట్టుకుంటుంది. అన్నం తిన్నాక తాగితే తిండిలో కలిసిపోతుంది, అందుకని ఖాళీ కడుపున, తినడానికి కనీసం గంట ముందు తాగాలి. ఇతర మందులను కూడా ఇది పట్టేసుకుంటుంది. థైరాక్సిన్‌కూ దీనికీ 4 గంటలు, మిగతా వాటికి 2 గంటల ఎడం ఉండాలి. మీరు రెండూ ఒకేసారి మింగుతున్నారు, మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఈమధ్య పెరిగి మాత్ర మోతాదు పెంచి ఉంటే కారణం ఇదే కావచ్చు. ఎక్కువ కాలం పాంటోప్రజోల్ వాడినా థైరాక్సిన్ ఒంటబట్టడం కొంత తగ్గుతుంది.

మీ డాక్టరు ఒప్పుకుంటే రోజును ఇలా సర్దుకోవచ్చు. ఉదయం 6కు థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో, మరేదీ కలపకుండా. 7:15కు పాంటోప్రజోల్. 8కి టిఫిన్, అది అయ్యాక అర్సోడియాక్సీకోలిక్ మాత్ర. 11కు సుక్రాల్‌ఫేట్ 1 గ్రాము. చాలా సీసాల్లో 10 మి.లీ.కి ఒక గ్రాము ఉంటుంది, మీ సీసా మీద చదివి కొలత మూతతో పోసుకోండి, చెంచా అందాజా వద్దు. తాగే ముందు సీసా బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. 12:30కు భోజనం. సాయంత్రం 4కు మళ్లీ సుక్రాల్‌ఫేట్, 5కు ఏదైనా చిన్న తిండి. 7కల్లా రాత్రి భోజనం, దాని తర్వాత రెండో అర్సో మాత్ర. 10కి పడుకునే ముందు చివరి సుక్రాల్‌ఫేట్. పొద్దున పసరు ఎక్కువగా ఉండేవాళ్లు ఈ రాత్రి మోతాదును అస్సలు వదలకూడదు. దీంతో మలబద్ధకం వస్తుంది, నీళ్లు, కూరలు పెంచితే సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని నెలల తరబడి వాడకూడదు, ఇందులో అల్యూమినియం ఉంటుంది. ఇలా సర్దుకున్న 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి, ఇప్పుడు మందు బాగా ఒంటబడుతుంది కనుక థైరాయిడ్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

కొలెస్టిరమిన్ అనే పొడి పేరు కూడా మీరు విని ఉంటారు. ఇది పసరును పేగులో కట్టిపడేస్తుంది, పసరు విరేచనాలకు బాగా పనిచేస్తుంది. పొట్టలో మంటకు అంత గట్టి సాక్ష్యం లేదు. పైగా ఇతర మందులన్నీ దీనికి గంట ముందో, 4 నుంచి 6 గంటల తర్వాతో వేసుకోవాలి. మీలా ఇప్పటికే ఇన్ని మందులున్నవాళ్లకు అది పెద్ద తలనొప్పి.

క్యాప్సూల్‌లోని రెండో మందు డోంపెరిడోన్ గురించి గట్టిగా చెప్పాలి. పొట్ట కిందికి ఖాళీ కావడానికి, వాంతి ఆగడానికి అది పనికొస్తుంది. కానీ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉందని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే దీన్ని 10 మి.గ్రా., రోజుకు మూడుసార్లకు మించకుండా, మామూలుగా ఒక వారం దాకా మాత్రమే వాడాలని కట్టడి చేసింది. మన మందుల షాపుల్లో ఇది 30 మి.గ్రా. నెమ్మదిగా కరిగే రూపంలో, పాంటోప్రజోల్‌తో కలిపి, ‘గ్యాస్ మాత్ర’గా చీటీ లేకుండానే దొరుకుతోంది. ఎనిమిది నెలలు చాలా ఎక్కువ. ఒక ఈసీజీ తీయించి, పాంటోప్రజోల్ మాత్రమే ఉన్న మాత్రకు మార్చమని అడగండి. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు) లాంటివి డోంపెరిడోన్‌తో కలవకూడదు, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మీరిది వాడుతున్నట్టు ముందే చెప్పండి. దీనికి బదులు లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ ఇస్తే అదీ నెలల తరబడి వాడేది కాదు. చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం, నోరు తనంతట తాను కదలడం, రొమ్ముల్లో పాలు రావడం, నెలసరి ఆగిపోవడం దానివల్ల వస్తాయి. పెద్దవాళ్లలో ఆ వణుకును వయసు ఖాతాలో వేసేసి మాత్ర కొనసాగిస్తుంటారు. పొట్ట కదలిక కోసం మందు తప్పనిసరైతే ఐటోప్రైడ్ 50 మి.గ్రా. భోజనానికి ముందు, కొన్ని వారాలపాటు ఇవ్వొచ్చేమో డాక్టర్నడగండి.

తిండి దగ్గర మీరు మీకే అన్యాయం చేసుకుంటున్నారు. గంజి, మజ్జిగన్నం మీద బతికితే పసరు ఆగదు, కాలేయం దాని పని అది చేస్తూనే ఉంటుంది. మీ కండ మాత్రం కరుగుతుంది. చేయాల్సింది ఒక్కసారి ఎక్కువ తినకపోవడం, ఒక్కసారి ఎక్కువ నూనె పడకపోవడం. కొవ్వు ఎక్కువైతే పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, వెనక్కొచ్చిన పసరు ఇంకా ఎక్కువసేపు అక్కడే ఉండిపోతుంది. నూనె పూర్తిగా మానేయక్కర్లేదు, రోజు మొత్తానికి నాలుగు టీస్పూన్లు, అన్ని పూటలకూ పంచుకుని. పొద్దున రెండు మూడు ఇడ్లీలో, తక్కువ నూనెతో పెసరట్టో, పల్లీ చట్నీకి బదులు పలచటి సాంబారుతో. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ లాంటి కూర, చిన్న గిన్నెడు పప్పు, మజ్జిగ. మాంసాహారులైతే ఉడికించిన గుడ్డు, పులుసు పెట్టిన చేప నాలుగు ముక్కలు తినొచ్చు, వేపుడు వద్దు. సాయంత్రం అరటిపండో, వేయించిన అటుకులకు బదులు తడిపిన అటుకులో. రాత్రి రెండు పుల్కాలు, కూర. ఒక్కో పూట పరిమాణం చిన్నదిగా, పూటలు మాత్రం నాలుగు.

బజ్జీలు, పునుగులు, గారెలు, ముద్దపప్పులో నెయ్యి పోసి ఆవకాయ నూనెతో కలుపుకోవడం, రాత్రి 10కి బిర్యానీ: ఇవి చాలామందికి పడవు. కారం, చింతపండు అందరికీ చెడ్డవేమీ కాదు. వాటిని ఊహించి మానడం కంటే పరీక్షించి చూడండి. మూడు రోజులు చప్పిడిగా తిని, నాలుగో రోజు ఒక్కటి మాత్రం చేర్చండి, చారు అనుకోండి. రెండు రోజుల్లో మంట పెరగకపోతే అది మీకు పడినట్టే, తర్వాతది చేర్చండి. ఒకే రోజు పచ్చడి, కాఫీ, వేపుడు మూడూ మొదలుపెట్టి మంటొస్తే దేనివల్లో తెలియదు. పరగడుపున కాఫీ, టీ మానండి, టిఫిన్ తర్వాత ఒక కప్పు తాగి చూడండి. పొగాకు, గుట్కా, మద్యం ఇంట్లో ఎవరికి ఈ జబ్బున్నా పూర్తిగా మానాలి. సిగరెట్ పసరు వెనక్కి రావడాన్ని పెంచుతుంది. నిమ్మరసం తేనె, యాపిల్ సైడర్ వెనిగర్, కలబంద రసం పసరును కడిగేస్తాయన్న మాట నమ్మకండి. పరగడుపున పులుపు పడితే దెబ్బతిన్న పొర మరింత మండుతుంది. కార్తీక సోమవారాలు, ఏకాదశి ఉపవాసాలు ఉండేవాళ్లు సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో ఉండి ఆ తర్వాత పులిహోర, బూరెలతో విడిస్తే ఆ రాత్రంతా నరకమే. పళ్లు, పాలతో ఉపవాసం చేసి, ఇడ్లీతో విడవండి.

రాత్రి భోజనానికీ పడకకూ 3 గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలో చెక్క దిమ్మెలో పెట్టి 15 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. దిండు మీద దిండు వేస్తే మెడ వంగి పొట్ట నొక్కుకుంటుంది. ఇది పేగు నుంచి పొట్టలోకి వచ్చే పసరును ఆపదు. పొట్టలోంచి గొంతులోకి ఎక్కి నిద్రలో ఉక్కిరిబిక్కిరి చేయకుండా, అన్నవాహిక పుండు పడకుండా ఆపుతుంది, దాని విలువ దానికుంది.

6 కిలోలు తగ్గడాన్ని మాత్రం పథ్యం వల్లే అనుకుని వదిలేయలేను. ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. నాలుగు పూటలు తింటూ నెల గడిచినా బరువు నిలవకపోతే వెంటనే మళ్లీ వెళ్లాలి. హిమోగ్లోబిన్, బి12, లివర్ ఫంక్షన్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), పొట్ట స్కానింగ్ చేయించాలి. ప్రతిదానికీ కారణం ఉంది. గాల్‌బ్లాడర్ తీశాక పసరు గొట్టంలో ఒక రాయి మిగిలిపోయినా ఇక్కడే నొప్పొస్తుంది, అప్పుడు లివర్ పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్ పెరుగుతాయి, ఎమ్‌ఆర్‌సీపీ (పసరు గొట్టాల ఎమ్‌ఆర్‌ఐ స్కాన్) తీస్తే రాయి కనిపిస్తుంది. ఆపరేషన్ తర్వాత గొట్టం కాస్త వెడల్పు కావడం ఒక్కటే అయితే భయపడక్కర్లేదు. షుగర్ ఏళ్లుగా ఉన్నవాళ్లలో పొట్ట నరాలు మందగించి తిండి నిలిచిపోతుంది, దాన్నీ పసరు జబ్బని పొరబడొచ్చు. పసరు నిజంగా వెనక్కొస్తోందా అని కళ్లారా చూడాలంటే హైడా స్కాన్ ఉంది. నాలుగైదు గంటలు ఏమీ తినకుండా వెళ్తే, కాలేయం పసరులోకి వదిలే కొద్దిపాటి రేడియోధార్మిక మందు నరంలోకి ఎక్కిస్తారు. గంటా గంటన్నర కెమెరా కింద ఉంటే అది పేగులోకి దిగుతోందో, పొట్టలోకి ఎగబాకుతోందో తెరమీద కనిపిస్తుంది. మందులు సరిగా వాడినా 8 వారాలకు తగ్గనివాళ్లకే ఇది అవసరం.

క్యాన్సర్ గురించి. గాల్‌బ్లాడర్ మాత్రమే తీసి, పొట్ట చెక్కుచెదరకుండా ఉన్నవాళ్లకు ఆ భయం చాలా తక్కువ. బాగా తెలిసిన ప్రమాదం పొట్టలో కొంత భాగం కోసేసినవాళ్లకు, అదీ 15, 20 ఏళ్లు గడిచాక. 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు వారెన్, మార్షల్ హెచ్. పైలోరీని కనిపెట్టేదాకా, యాసిడ్ తగ్గించే మందులు వాడకంలోకి వచ్చేదాకా మన ప్రాంతంలో ‘అల్సర్ ఆపరేషన్’ పేరుతో పొట్టను నేరుగా చిన్నపేగుకు కలిపి కుట్టించుకున్నవాళ్లు ఎందరో. ఆ దారిలో పైలోరస్ అడ్డు ఉండదు, పసరు నేరుగా పొట్టలోకి పారుతుంది. మీ ఇంట్లో పొట్ట మీద ఆనాటి పెద్ద కుట్ల మచ్చ ఉన్న పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల రక్తహీనతనో పసరు వాంతులనో పాత సంగతేలే అని వదలకుండా ఎండోస్కోపీ చేయించండి. మీ బయాప్సీలో ‘ఇంటెస్టినల్ మెటాప్లేజియా’ (పొట్ట పొర పేగు పొరలా మారడం) అన్న మాట ఉంటే అది క్యాన్సర్ కాదు, ఎంత మేర వ్యాపించిందన్న దాన్నిబట్టి కొన్నేళ్లకోసారి చూపించుకోవాలి.

ఆపరేషన్ ఉంది గానీ మీకు ఆ మాట ఎత్తాల్సిన సమయం రాలేదు. రూ-ఎన్-వై అనే పద్ధతిలో చిన్నపేగును తెంపి, పసరు వచ్చి కలిసే చోటును పొట్టకు 45 నుంచి 60 సెంటీమీటర్ల దిగువకు మారుస్తారు, పసరు అంత దూరం వెనక్కి ఎక్కడం కుదరదు. పాత అల్సర్ ఆపరేషన్, బరువు తగ్గడానికి చేసిన మినీ బైపాస్ తర్వాత పసరు బాధ తట్టుకోలేనివాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఏ కోతా పడని పొట్టకు చేస్తే కొందరికి తిండి దిగక, ముందున్న వాంతులకు బదులు కొత్త వాంతులు మొదలవుతాయి.

జీవితాంతమా అని అడిగారు. నొప్పి మాత్ర మానేసి, మందుల వేళలు సర్దుకుంటే చాలామందికి రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. తర్వాత ముందు సుక్రాల్‌ఫేట్ రాత్రిపూటకు కుదించి, ఆపైన పాంటోప్రజోల్ 40 నుంచి 20కి, రెండు వారాలయ్యాక రోజు విడిచి రోజుకు తగ్గిస్తారు. ఒక్కసారి ఆపితే యాసిడ్ ఎగదన్ని, జబ్బు తిరగబెట్టిందని పొరపడతారు. కొందరికి ఏడాదిలో ఒకటి రెండుసార్లు తిరగబెడుతుంది, అప్పుడు కొన్ని వారాలు మళ్లీ వాడాలి.

కొన్ని లక్షణాలకు మాత్రం వేచిచూడకూడదు. వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటి నలుపు, తారులా నల్లటి జిగట విరేచనం (ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు నలుపు మామూలే, జిగట, దుర్వాసన ఉంటేనే అనుమానం), కళ్లు పచ్చబడడం, చలిజ్వరంతో కుడిపక్క నొప్పి, ముద్ద దిగకపోవడం, పచ్చటి వాంతులతో కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోవడం. వీటిలో ఏది వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో పాకే మంట మొదటిసారి వస్తే సోడా, యాంటాసిడ్ తాగి చూద్దామనుకోకండి, ముందు ఈసీజీ తీయించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎండోస్కోపీ, బయాప్సీ కాగితాలు, పాత టీఎస్‌హెచ్ రిపోర్టులు, ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ, మోకాళ్ల మాత్రలతో సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. రెండు వారాలపాటు వాంతి అయిన రోజు, వేళ, ముందు రోజు రాత్రి ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి దాంట్లోనే పెట్టండి.